రైవల్ అంటే పగవాడేనా? ఒకే కాలువ కింద పుట్టిన మాట

#1 పదవేట

వాట్సాప్ గుంపుల్లో ఒక ముక్క తెగ తిరుగుతోంది. ‘రైవల్ అనే ఇంగ్లిష్ మాట రివర్ నుంచి పుట్టింది. ఏటికి అవతలి ఒడ్డున ఉండేవాడు ఎప్పుడూ పగవాడే కాబట్టి వాడు రైవల్’ అని. నిఘంటువు తిరగేస్తే లాటిన్ ‘రీవాలిస్’ అనీ, దానికి మూలం ‘రీవుస్’ అనీ ఉంది. రివర్ ఊసే లేదు.

తెలిసినవాళ్లు తేల్చండి. రైవల్‌కీ రివర్‌కీ చుట్టరికం ఉందా లేదా? నీళ్లకీ పగకీ ముడి ఎక్కడ పడింది? తెలుగులో దీనికి ఏ మాట వాడాలి: ప్రత్యర్థి, పోటీదారు, శత్రువు, దాయాది?

#2 లాటిన్‌బడి

చుట్టరికం లేదు. రెండు మాటల్లోనూ ‘వ’ కనిపిస్తోంది కాబట్టి ఒకే ఇంటివనిపిస్తుంది, అంతే.

రివర్‌లోని ‘వ’ ఒకప్పుడు ‘ప’. లాటిన్‌లో ‘రీపా’ అంటే ఒడ్డు, గట్టు. దాని మీద ‘రీపారియా’, అది పాత ఫ్రెంచిలో ‘రివియేర్’, అక్కణ్నుంచి 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌లోకి రివర్. రెండచ్చుల మధ్య పడ్డ లాటిన్ ‘ప’ ఫ్రెంచిలో ‘వ’ అయిపోవడం ఈ ఒక్క మాటకే జరగలేదు. తెలుసుకోవడం అనే అర్థమున్న ‘సపెరె’ అక్కడ ‘సవ్వార్’ అయింది, ‘రీపా’యే ‘రీవ్’ అయింది. ఇంగ్లిష్ అరైవ్ కూడా ఈ ఇంటిదే: ‘ఆద్ రీపామ్’, అంటే ఒడ్డుకు చేరడం.

రైవల్‌లోని ‘వ’ పుట్టుకతోనే ‘వ’. ‘రీవుస్’ అంటే నీటి కాలువ. దానికి ‘-ఆలిస్’ ప్రత్యయం చేరింది. ఓడ అనే ‘నావిస్’ నుంచి ఓడలకు చెందినది అనే ‘నావాలిస్’ వచ్చినట్టే, రీవుస్ నుంచి ‘కాలువకు చెందినవాడు’ రీవాలిస్.

కాబట్టి రివర్, అరైవ్, రైపేరియన్ (నది ఒడ్డుకు చెందినది) ఒక గొలుసు; రైవల్, డిరైవ్, రివ్యులెట్ (చిన్న వాగు) ఇంకో గొలుసు. డిరైవ్‌ను గమనించండి. లాటిన్‌లో ‘దేరీవారె’ అంటే పెద్ద కాలువ నుంచి నీటిని పక్కకు మళ్లించడం. మనం ఇక్కడ చేస్తున్న వ్యుత్పత్తి పనికి ఇంగ్లిష్‌లో పెట్టిన పేరే ‘పిల్లకాలువ తియ్యడం’!

#3 కాలువగట్టు

లాటిన్‌బడి గారితో ఏకీభవిస్తూనే ఒకటి చేరుస్తాను. ఇంటర్నెట్టులో రీవుస్‌ను నది, సెలయేరు అని రాసేస్తున్నారు. రోమన్ చట్టంలో అది తవ్విన కాలువ. నదికి వాళ్ల మాట వేరే ఉంది, ‘ఫ్లూమెన్’. మూడో శతాబ్దపు న్యాయవేత్త ఉల్పియానుస్ నిర్వచనం కూడా ఇచ్చాడు: రీవుస్ అంటే పొడవునా పల్లంగా చేసి, నీళ్లు దిగువకు పారేలా ఉన్న జాగా. మన గోదావరి జిల్లాల పంట బోదె గుర్తుకు రావడంలేదూ?

ఈ తేడా చిన్నదేం కాదు. నది ఎవరూ తవ్వింది కాదు. దాని కోసం ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన పని లేకుండా వందల ఊళ్లు బతకొచ్చు. బోదె అలా కాదు. తవ్వేటప్పుడు కలవాలి, పూడిక తీసేటప్పుడు కలవాలి, నీళ్లు పెట్టుకునేటప్పుడు వంతు చూసుకోవాలి. రీవాలిస్ అవతలి ఒడ్డువాడు కాడు. పక్క చేనువాడు, ఎగువ మడివాడు.

#4 పదవేట

అంటే మొదట్లో ‘ఒకే బోదె రైతు’ అనేనా అర్థం? ఊహ కాకుండా, ఆ అర్థంలో వాడినట్టు లాటిన్ వాక్యం ఏదైనా ఉందా?

#5 లాటిన్‌బడి

ఉంది, అదీ ఉల్పియానుస్‌దే. జస్టీనియన్ చక్రవర్తి 533లో వెలువరించిన డైజెస్ట్ అనే న్యాయ సంకలనంలో, 43వ పుస్తకం 20వ శీర్షిక కింద దొరుకుతుంది. తెలుగు లిపిలో:

‘సీ ఇంటెర్ రీవాలేస్, ఇద్ ఎస్త్ క్వీ పెర్ ఎఉన్దెమ్ రీవుమ్ అక్వమ్ దూకున్త్, సిత్ కొంటెన్తియో దే అక్వాయె ఊసూ, ఉత్రోక్వె సూఉమ్ ఊసుమ్ ఎస్సె కొంటెండెంటె, దూప్లెక్స్ ఇంటెర్‌దిక్తుమ్ ఉత్రీక్వె కొంపెటిత్.’

తెలుగులో: రీవాలేస్ మధ్య, అంటే ఒకే కాలువ ద్వారా నీళ్లు పెట్టుకునేవాళ్ల మధ్య, నీటి వాడకం గురించి తగాదా వచ్చి, వాడుక హక్కు నాదంటే నాదని ఇద్దరూ పట్టుబడితే, ఇరువైపులా వర్తించే నిషేధాజ్ఞ ఇద్దరికీ అందుబాటులో ఉంటుంది.

ఈ ఒక్క వాక్యాన్ని పట్టి చూడండి. రీవాలేస్‌లో రైవల్ ఉంది. కొంటెన్తియో, కొంటెండెంటెలలో ఇంగ్లిష్ కంటెన్షన్, కంటెండ్ ఉన్నాయి. చివర్న కొంపెటిత్‌లో కంపీట్ ఉంది. పోటీకి ఇంగ్లిష్ వాడుతున్న మూడు మాటలు ఒక నీళ్ల తగాదా చట్టంలో పక్కపక్కన కూర్చున్నాయి. కాకపోతే కొంపెటిత్‌కి ఇక్కడ పోటీ అర్థం లేదు, ‘చెందుతుంది, వర్తిస్తుంది’ అని మాత్రమే. ఇంగ్లిష్ కాంపిటెంట్‌లో ఇప్పటికీ ఆ పాత అర్థమే నడుస్తోంది. కాంపిటెంట్ కోర్టు అంటే ఆ దావా వినే అధికారం ఉన్న కోర్టు, పోటీపడే కోర్టు కాదు.

ఇక ‘ఇరువైపులా వర్తించే ఆజ్ఞ’. మామూలు దావాలో ఒకడు వాది, ఒకడు ప్రతివాది. ఇలాంటి ఆజ్ఞల్లో ఇద్దరి స్థితీ సమానమనీ, ఫలానావాడే వాది, ఫలానావాడే ప్రతివాది అని చెప్పడానికి ఉండదనీ గాయుస్ అనే మరో న్యాయవేత్త రాశాడు. నాకు తెలిసి రైవల్ అనే మాటకు ఇంతకన్నా మంచి వివరణ లేదు. ఒకే సొత్తు మీద ఇద్దరికీ సమానమైన పట్టు.

#6 కాలువగట్టు

ఆ శీర్షికకు మొదట్లోనే అసలు ఆజ్ఞ పాఠం ఉంది. దాని సారం: ‘ఈ ఏడాది నువ్వు ఆ నీటిని అవతలివాడి మీద బలప్రయోగం చేయకుండా, దొంగచాటు లేకుండా, వాడి దయ మీద ఆధారపడకుండా పెట్టుకున్నట్టయితే, ఇకముందూ అలాగే పెట్టుకోకుండా బలవంతంగా ఆపడాన్ని నిషేధిస్తున్నాను.’

బలం, చాటు, దయ. ఈ మూడూ లేని వాడుకే హక్కు. మూడోది చాలామందికి అర్థం కాదు. పొరుగువాణ్ని అడిగి, వాడు సరేనంటే నీళ్లు పెట్టుకున్నావు అనుకోండి. ఎన్నేళ్లు పెట్టుకున్నా అది వాడి మంచితనమే అవుతుంది, నీ హక్కు కాదు. రేపు వద్దంటే ఆగాల్సిందే.

ఈ ఆలోచన ఇంగ్లిష్ న్యాయం మీదుగా మన దాకా వచ్చింది. పొరుగువాడి భూమి మీద దారి, నీళ్ల లాంటి వాడుక హక్కుల గురించిన 1882 నాటి భారత ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ చూడండి: శాంతియుతంగా, బహిరంగంగా, హక్కుగా, అంతరాయం లేకుండా 20 ఏళ్లు అనుభవిస్తే అది తిరుగులేని హక్కవుతుంది. ప్రభుత్వ భూమి మీదైతే 30 ఏళ్లు. ‘శాంతియుతంగా’ అంటే బలం లేకుండా, ‘బహిరంగంగా’ అంటే చాటు లేకుండా, ‘హక్కుగా’ అంటే దయ మీద కాకుండా. రోమన్ మూడు షరతులూ పేర్లు మార్చుకుని అక్కడే ఉన్నాయి. బోదె తగాదాల్లో ఎక్కువగా బెడిసేది మూడో షరతు దగ్గరే. ‘మా నాన్న అడిగితే వాళ్ల నాన్న ఒప్పుకున్నాడు’ అని గొప్పగా చెప్పే సాక్ష్యం సొంత కేసుకే గొడ్డలిపెట్టు.

ఇంకో మాట. ఉల్పియానుస్ కూడా వ్యుత్పత్తి దగ్గర కాలు జారాడు! రీవుస్ అనే పేరు ‘పారు’ అనే అర్థమున్న గ్రీకు ‘రేయిన్’ నుంచి వచ్చిందని రాశాడు. అది కాదు కదా లాటిన్‌బడి గారూ?

#7 లాటిన్‌బడి

కాదు. గ్రీకు మాటలో మొదట ‘స’ ఉండేది, రాలిపోయింది. దాని చుట్టాలు సంస్కృత ‘స్రవతి’, మన స్రావం, ఇంగ్లిష్ స్ట్రీమ్. రీవుస్ వేరే ధాతువు. వాట్సాప్ పండితుణ్ని మరీ తిట్టకండి, ఉల్పియానుస్ అంతటివాడికే ధ్వని పోలిక చాలిపోయింది.

#8 అచ్చుతప్పు

ఇక్కడ నాకొక అభ్యంతరం. మీరు చూపిన వాక్యం మూడో శతాబ్దానిది. రోమన్ నాటకకర్త ప్లౌటుస్ రాసిన ‘స్తిఖుస్’ నాటకం క్రీస్తు పూర్వం 200లో ఆడారు. అందులో స్తిఖుస్, సంగరీనుస్ అనే ఇద్దరు బానిసలు ఒకే అమ్మాయిని ప్రేమిస్తారు, తమను రీవాలేస్ అనే చెప్పుకుంటారు. అంటే ప్రేమలో పోటీదారు అనే అర్థం, కాలువ అర్థం కంటే కనీసం 400 ఏళ్లు ముందే కాగితానికెక్కింది. మరి కాలువే మొదలని ఎలా తేల్చేస్తున్నారు? లాయర్లు తర్వాత తీరిగ్గా అల్లిన కథ కాకూడదా?

#9 లాటిన్‌బడి

మంచి అభ్యంతరం. కానీ రాతలో ముందు దొరికింది నోట్లో ముందు పుట్టిందని కాదు. రెండు సంగతులు చూడాలి.

మొదటిది మాట కట్టుబడి. రీవుస్ + ఆలిస్ అన్నది విడదీయడానికి పెద్ద చదువు అక్కర్లేని మాట. ప్రేమలో పోటీదారుకు కొత్తగా పేరు పెట్టాలనుకున్నవాడు ‘కాలువవాడు’ అని ఉత్తపుణ్యానికి ఎందుకు పెడతాడు? ముందు పొలంలో అలాంటి మాట ఉంటేనే పట్నంలో అది చమత్కారంగా పనికొస్తుంది.

రెండోది ఉల్పియానుస్ వాడిన ‘ఇద్ ఎస్త్’, అంటే ‘అనగా’. అందరికీ ఆ అర్థమే తెలిసుంటే ‘అనగా ఒకే కాలువ ద్వారా నీళ్లు పెట్టుకునేవాళ్లు’ అని విప్పి చెప్పే అవసరం లేదు. అప్పటికి రీవాలిస్ అనగానే జనానికి తట్టేది ప్రేమ పోటీదారే. అందుకే పాత రైతు అర్థాన్ని వివరించి మరీ వాడాల్సి వచ్చింది. కొత్త అర్థం అల్లినవాడి ధోరణి కాదది, మరుగున పడ్డ అర్థాన్ని గుర్తుచేస్తున్నవాడి ధోరణి.

క్రీస్తు పూర్వం 54లో రోమన్ వక్త సిసెరో తన తమ్ముడికి రాసిన ఉత్తరం చూసినా అంతే. హిర్రుస్ అనే రాజకీయ నాయకుడి గురించి ‘తన్ను తాను ఎంతగా ప్రేమించుకుంటాడో, అదీ రీవాలిస్ లేకుండా’ అని ఎత్తిపొడిచాడు. ఆ ప్రేమకు పోటీకొచ్చేవాడు ఇంకొకడు లేడని! ఇందులో కాలువ ఛాయ కూడా లేదు.

ప్లౌటుస్ నాటకంలోనే ఇంకో తమాషా ఉంది. ఆ ఇద్దరూ కొట్టుకోరు. ఒకే పాత్రలో మద్యం తాగుతూ, రీవాలేస్ ఇద్దరూ ఇలా ఒకరినొకరు ప్రేమించుకోవడం ఎంత సరదా అని మురిసిపోతారు. పంపకం, పోటీ రెండూ ఆ మాటలో ఇంకా కలిసే ఉన్నాయన్నమాట.

#10 అచ్చుతప్పు

‘అనగా’ వాదన బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయితే ‘నిరూపితం’ అనకుండా ‘బలమైన ఊహ’ అనే అందాం.

#11 లాటిన్‌బడి

అలాగే అందాం. కాకపోతే బలం దండిగా ఉన్న ఊహ.

#12 ఐదోతెర

పంపకం అర్థం ఇంగ్లిష్‌లోకి కూడా కొంత వచ్చింది. షేక్స్‌పియర్ ‘హ్యామ్లెట్’ మొదటి రంగంలో కాపలా సైనికుడు బెర్నార్డో, హొరేషియో మార్సెలస్‌లు కనిపిస్తే త్వరగా రమ్మని చెప్పమంటాడు. వాళ్లను ‘నా కాపలాలో రైవల్స్’ అంటాడు. ఎవరూ ఎవరికీ పోటీ కాదు, ఒకే కాపలా పంచుకున్న తోటివాళ్లు. 1603 నాటి తొలి అచ్చు ప్రతిలో అదే చోట ‘పార్ట్‌నర్స్’ అని ఉంది! తర్వాతి ప్రతిలో రైవల్స్. ఒకే వాక్యం, ఒకే పాత్రలు, రెండు ప్రతులు. అర్థం గురించి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

అలాగని అప్పటికి పోటీ అర్థం లేదనుకోవద్దు. ‘కింగ్ లియర్’ మొదటి రంగంలోనే, ఫ్రాన్సు రాజుతో పాటు తన కూతురి కోసం ‘రైవల్’ చేసినవాడా అని బర్గండీ ప్రభువును లియర్ పిలుస్తాడు. అక్కడ అది క్రియ, పక్కా పోటీ అర్థం. మాట ఇంగ్లిష్‌లోకి వచ్చిందే 16వ శతాబ్దం చివర్లో. కొన్నాళ్లు రెండర్థాలూ కలిసి నడిచాయి, తర్వాత తోటివాడు తప్పుకున్నాడు.

#13 పాణినీయం

మన భాషల వైపు ఎవరూ రావట్లేదని చూస్తున్నాను. లాటిన్‌వాడు కాలువ దగ్గర చేసిన పనిని మనవాళ్లు ఇంట్లోనే చేశారు.

‘సపత్న’ అంటే శత్రువు, పోటీదారు. గీత రెండో అధ్యాయం ఎనిమిదో శ్లోకంలో అర్జునుడు ‘అవాప్య భూమావసపత్నమృద్ధం రాజ్యం’ అంటాడు, పోటీ లేని సంపన్న రాజ్యం దొరికినా అని. ఈ సపత్నకు మూలం ‘సపత్నీ’, ఒకే భర్త ఉన్న ఆడది, సవతి. ముందు ఆడవాళ్ల మాట పుట్టి, దాన్నుంచి వెనక్కి తీసి మగవాడి మాట చేశారు. రీవాలిస్‌కు ఉమ్మడి కాలువ, సపత్నకు ఉమ్మడి మొగుడు.

‘భ్రాతృవ్య’ అన్నదమ్ముల కొడుకు. అదే మాట వేదంలో పగవాడు. పాణిని ఈ రెండింటికీ రెండు సూత్రాలు పెట్టాడు, 4.1.144 ‘భ్రాతుర్వ్యచ్చ’, వెంటనే 4.1.145 ‘వ్యన్ సపత్నే’. రాతలో రూపం ఒక్కటే, స్వరం మాత్రం వేరు. పగవాడి అర్థంలో ఉదాత్తం (హెచ్చు స్వరం) మొదటి అక్షరం మీద పడుతుంది, చుట్టం అర్థంలో చివర స్వరితం (హెచ్చు నుంచి దిగే స్వరం). ఉచ్చారణ చూసి చుట్టమో పగవాడో తెలుసుకోవాలన్నమాట!

ఇక ‘దాయాది’. దాయం అంటే వారసత్వంగా పంచుకునే ఆస్తి, అందులో పాలు తీసుకునేవాడు దాయాదుడు. తెలుగులో ‘దాయ’ అన్న మాటకు జ్ఞాతి, శత్రువు అని రెండర్థాలూ నిఘంటువుల్లో ఉన్నాయి. కాబట్టి పదవేట గారి మూడో ప్రశ్నకు నా ఓటు దాయాదికే. రైవల్ నడిచిన దారిలో అడుగు తప్పకుండా నడిచిన తెలుగు మాట అదొక్కటే.

లాటిన్‌బడి గారికి ఒక కానుక కూడా. రెండచ్చుల మధ్య ‘ప’ ‘వ’ అవడం ఫ్రెంచివాళ్ల సొత్తేం కాదు. సపత్నీ ప్రాకృతంలో ‘సవత్తీ’, మన దగ్గర సవతి. దీపం ‘దీవ’ అయి మన దివ్వె అయింది. రీపా రివర్ అయిన దారీ, సపత్నీ సవతి అయిన దారీ ఒక్కటే.

#14 లాటిన్‌బడి

ఇది నేను గమనించలేదు, ధన్యవాదాలు. బదులుగా ఇది తీసుకోండి. రీవుస్‌కు మూలమైన ధాతువు సంస్కృతంలో ‘రీ’, పారడం, ప్రవహింపజేయడం. ‘రిణాతి’ అనే క్రియ దానిదే. దాన్నుంచే ‘రీతి’. వేదంలో రీతి అంటే ప్రవాహం, ధార. తర్వాత ప్రవాహం నడిచే తీరు, ఆ తర్వాత వట్టి తీరు. ‘ఈ రీతిగా’ అన్న ప్రతిసారీ మనం రైవల్‌కు దూరపు చుట్టాన్ని పలుకుతున్నాం.

#15 పదవేట

రీతి, రైవల్ చుట్టాలు. రివర్, రైవల్ కావు! గుంపులో ఇది పెడితే నన్ను బయటికి నెట్టేస్తారేమో.

కాలువగట్టు గారూ, రోమన్లు నిజంగా వంతులు ఎలా వేసుకునేవాళ్లో, వంతు ఉన్నా తగాదా ఎందుకు వస్తుందో కాస్త చెప్పండి.

#16 కాలువగట్టు

క్రీస్తు శకం 97లో రోము నీటి సరఫరా అధికారి అయిన ఫ్రొంటీనుస్, టుస్కులుం ప్రాంతంలో ‘క్రాబ్రా’ అనే నీటిని అక్కడి తోట ఇళ్లన్నీ వంతుల వారీగా, నిర్ణీత రోజుల్లో, నిర్ణీత కొలతల్లో తీసుకుంటాయని రాశాడు. ఇంకా వివరం కావాలంటే ఇప్పటి అల్జీరియాలో దొరికిన లమస్బా శాసనం ఉంది, రోమన్ చక్రవర్తి ఎలగబాలుస్ కాలం, 218–222 మధ్యది. ఫలానావాడికి ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా అని పేరుపేరునా వంతులు చెక్కించారు. జాబితా సెప్టెంబరు 25తో మొదలవుతుంది. గట్టు మీద నిలబడి అరుచుకోకుండా రాయి చూసుకోవచ్చు.

వంతు ఉన్నా తగాదా ఎందుకంటే, పంచేది గంటలు, కావాల్సింది నీళ్లు. ఈ రెండూ ఒకటి కావు. వాయవ్య భారతంలో, పాకిస్తాన్‌లో నడిచే వారబందీ, అంటే కాలువ నీటిని వారం వారం వంతులుగా పంచే పద్ధతి, లెక్క తీసుకోండి. వారానికి 168 గంటలు. ఒక తూము కింద 200 ఎకరాలు ఉంటే ఎకరానికి 0.84 గంట, అంటే సుమారు 50 నిమిషాలు. ఐదెకరాల రైతుకు 4 గంటల 12 నిమిషాలు. కాగితం మీద అంతే.

కానీ ఖాళీ కాలువ నిండడానికి కొంత సేపు పడుతుంది. ఆ సేపు నీళ్లు కాలువ తాగుతుంది, చేను తాగదు. దాన్ని ‘భరాయి’ అంటారు, ఆ రైతు ఖాతాలో అదనంగా కలుపుతారు. చివరి రైతు వంతులో తూము కట్టేశాక కూడా కాలువలో నిలిచిన నీళ్లు అతని చేలోకే పారతాయి, అది ‘ఝరాయి’, అతని ఖాతాలో కోస్తారు. కాబట్టి 168లోంచి మొత్తం భరాయి తీసేసి, మొత్తం ఝరాయి కలిపి, ఆ వచ్చినదాన్ని ఎకరాలతో భాగించాలి. 200 ఎకరాల తూముకే భరాయి మొత్తం 5 గంటలు, ఝరాయి 1 గంట అనుకుంటే 164 గంటలు మిగులుతాయి, ఎకరానికి 49 నిమిషాల చిల్లర.

ఈ లెక్కలో పట్టనిది ఇంకుడు. మట్టి కాలువలో దారి పొడవునా నీరు ఇంకిపోతుంది. అందుకే అదే గంటసేపు నీళ్లు పెట్టినా చివరి చేనుకు అందేది తక్కువ. పై రైతు ఏ దొంగతనం చెయ్యకపోయినా చివరి రైతు కడుపు మండుతుంది. పైవాడు మడవ కాస్త ఆలస్యంగా కట్టాడా, ఇక చెప్పేదేముంది. రాత్రి వంతు ఇంకో గొడవ. ఎప్పుడూ ఒకడికే అర్ధరాత్రి పడకుండా ఏడాదికోసారి పట్టికను 12 గంటలు జరుపుతారు.

మన చెరువుల కింద ఈ లెక్కలన్నీ నీరటికాడి తలలో ఉండేవి. తూము ఎత్తేది, దించేది, ఏ మడికి ఎంతసేపో చెప్పేది అతనే. ఊరు ఒప్పుకున్న మూడో మనిషి ఉంటేనే ఒకే కాలువవాళ్లు తోటివాళ్లుగా మిగులుతారు. స్పెయిన్‌లో వలెన్సియా నీళ్ల పంచాయతీ చూడండి. ఇప్పటికీ గురువారం మధ్యాహ్నం 12కి పెద్ద చర్చి గుమ్మం దగ్గర ఎనిమిది కాలువల ప్రతినిధులు కూర్చుంటారు. వాదనలన్నీ నోటిమాటగానే. 2009లో యునెస్కో జాబితాకెక్కింది.

#17 అచ్చుతప్పు

పని మాట ఒకటి అడుగుతాను. కృష్ణా జలాల వార్తలో రాష్ట్రాలను ‘ప్రత్యర్థి రాష్ట్రాలు’ అని రాస్తున్నారు. వాటా పంచుకునేవాళ్లను అలా అనొచ్చా?

#18 కాలువగట్టు

1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయత మీద, అంటే నూటికి 75 ఏళ్లలో దొరికే నీటి లెక్కన, 2060 టీఎంసీలు లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. ఈ వార్తల్లో ‘పరీవాహక రాష్ట్రాలు’ అనే మాట ఉంది కదా, ఇంగ్లిష్‌లో రైపేరియన్. అది రీపా ఇంటిది, ఒడ్డు హక్కు. వాటా తేలాక దాన్ని వాడుకోవడంలో వచ్చేది రీవుస్ తగాదా. మీకు కావాల్సింది ‘పరీవాహక’ లేదా ‘భాగస్వామ్య’. ప్రత్యర్థి అక్కర్లేదు.

#19 పాణినీయం

ప్రత్యర్థి మొదట కోర్టు మాట. అర్థి వాది, ప్రత్యర్థి ప్రతివాది. యాజ్ఞవల్క్య స్మృతిలో ‘ప్రత్యర్థినోఽగ్రతో లేఖ్యం యథావేదితమర్థినా’ అని ఉంది. వాది ఎలా చెప్పాడో అలాగే ప్రతివాది ఎదుట రాయాలని. అమరకోశం వచ్చేసరికి అదే మాట శత్రు పర్యాయాల్లో చేరింది, సపత్నతో పాటు. కాబట్టి క్రికెట్ వార్తలో ‘ప్రత్యర్థి జట్టు’ తప్పేమీ కాదు. ట్రిబ్యునల్ ముందున్న రాష్ట్రాలకైతే పాత అర్థంలో చక్కగా సరిపోతుంది కూడా! పాఠకుడికి ఆ పాత అర్థం తట్టదు, అదే చిక్కు.

#20 లాటిన్‌బడి

ఇంగ్లిష్ కాంటెస్ట్‌ది కూడా అదే దారి. ‘కొన్’ అంటే కలిసి, ‘తెస్తిస్’ అంటే సాక్షి. రోమన్ దావా మొదలయ్యే ఘట్టంలో ఇరుపక్షాలూ ‘మీరు సాక్షులుగా ఉండండి’ అనేవారని ఫెస్తుస్ అనే రోమన్ నిఘంటుకారుడు చెబుతాడు. కాంటెస్ట్ అంటే మొదట సాక్షుల్ని పిలిచి దావా వెయ్యడం. ఎన్నికల్లో ‘కాంటెస్ట్ చేస్తున్నాడు’ అంటే పోటీ, వీలునామాను ‘కాంటెస్ట్ చేస్తున్నాడు’ అంటే దావా. రెండో వాడుక పాతది.

కంపీట్ మాత్రం కోర్టు దాటి దూరం వచ్చింది. ‘కొమ్’ కలిసి, ‘పెటెరె’ వెతకడం, దూసుకెళ్లడం. సంస్కృత ‘పత్’ ధాతువుకు బంధువు, పతంగం ఎగిరేది ఆ ధాతువుతోనే. లాటిన్‌లో కలిసిరావడం, సరిపడడం అనే అర్థాలే ఎక్కువ. ఇంగ్లిష్‌లో పోటీ అర్థం 17వ శతాబ్దం మొదట్లో స్థిరపడింది.

#21 పదవేట

మరి చివరికి రైవల్‌కు ఏం రాయాలి?

#22 అచ్చుతప్పు

సందర్భాన్ని బట్టి. ఆటల పేజీలో ‘ప్రత్యర్థి’. వ్యాపార వార్తలో ‘పోటీ సంస్థ’. పాత అనుబంధం ఉండి తెగినచోట ‘దాయాది’; భారత్, పాకిస్తాన్ మ్యాచ్‌ను మన పత్రికలు ‘దాయాదుల పోరు’ అని ఊరికే రాయట్లేదు. ఒకే ఇల్లు పంచుకున్నవాళ్లు కదా. అదే భారత్, ఆస్ట్రేలియా మ్యాచ్‌కు ‘దాయాది’ అని శీర్షిక పెడితే దిద్దాల్సిందే. ‘శత్రువు’ మాత్రం దేనికీ వద్దు. రైవల్‌కు గెలవడం చాలు, శత్రువుకు అవతలివాడు మిగలకూడదు.

ఆర్థికశాస్త్రం అనువదించేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ ‘రైవల్ గూడ్’ అంటే పోటీ సంస్థ సరుకు కాదు. ఒకరు వాడితే ఆ మేరకు ఇంకొకరికి మిగలని వస్తువు. ‘ప్రత్యర్థి వస్తువు’ అని రాసి నవ్వులపాలు కావొద్దు. ‘వాడితే తరిగే వస్తువు’ అంటే అర్థమవుతుంది.

#23 కాలువగట్టు

బోదె నీళ్లే అందుకు మొదటి ఉదాహరణ!

#24 ఐదోతెర

ఇదే దారంలో ఒక చిన్న సందేహం. పోటీ అర్థంలో ‘స్పర్ధ’ రాయాలా, ‘స్పర్థ’ రాయాలా? మనస్పర్థలు అని అందరూ థకారంతో రాస్తున్నారు.

#25 పాణినీయం

సంస్కృత ధాతువు ‘స్పర్ధ్’, ధకారమే. ‘స్పర్ధ’ సరైనది. థకారం అచ్చులో స్థిరపడిపోయింది కాబట్టి ‘మనస్పర్థలు’ అని రాసినవాణ్ని పట్టుకుని దిద్దితే, ముందు వచ్చేవి అవే.